ఉగాండాలో ఏడాది పరిచర్యకు సామాను సర్దుకోవడం ఎలా

పది రోజుల పర్యటనకు సర్దుకున్నట్టే ఏడాది పరిచర్యకు కూడా సర్దుకుంటే పెట్టె నిండుతుంది గాని అవసరం తీరదు. పది రోజులకు కావలసినవన్నీ వెంట తీసుకుపోవచ్చు. ఏడాదికి కావలసినవన్నీ మోసుకుపోవడం ఎవరి వల్లా కాదు. అందుచేత ఏం తీసుకెళ్లాలని ఆలోచించే ముందు అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో, దొరికినా ఏది మన ఒంటికి సరిపడదో కాగితం మీద రాసుకోవాలి. ఈ వ్యాసం ఉగాండాలోని ఒక గ్రామ ప్రాంతంలో ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉండబోయే తెలుగు విశ్వాసుల కోసం, ముఖ్యంగా ఆసుపత్రి, బడి, సంఘం పనుల మీద మొదటిసారి వెళ్లేవారి కోసం రాస్తున్నాను. పొరుగున ఉన్న కెన్యా, టాంజానియా, రువాండాలకు వెళ్లేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

తెలుగు సంఘాలకు ఈ దారి కొత్తది కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, అక్కడ చెరకు తోటల్లో పనిచేస్తున్న తెలుగు కూలీల మధ్య పరిచర్య చేయడానికి పంపించారు. ఓడ ఎక్కిన ఆ తరానికి మరచిపోయిన వస్తువును వెనక్కి వచ్చి తెచ్చుకునే వీలు లేదు. ఇప్పుడు ఉగాండాకు వెళ్లేవారి తరువాత మరొకరు వస్తుంటారు, రాజధాని కంపాలాలో భారతీయుల దుకాణాలు ఉన్నాయి. మరచిపోతామేమోనన్న భయంతో అన్నీ కుక్కుకోవలసిన అవసరం నేడు లేదు గనుక, పెట్టెలోని బరువును నిజంగా అవసరమైన వాటికి మిగుల్చుకోవచ్చు.

జాబితా రాయక ముందు అడగవలసినవి

మిమ్మల్ని ఆహ్వానించిన సంఘానికి గాని ఆసుపత్రికి గాని ముందుగా ఒక ఉత్తరం రాసి కొన్ని విషయాలు తెలుసుకోండి. ఉండబోయే గదిలో కరెంటు ఉందా, ఉంటే రోజుకు ఎన్ని గంటలు ఉంటుంది, నీళ్లు కుళాయి నుంచి వస్తాయా, బోరు నుంచా, వాన నీటి ట్యాంకు నుంచా, మరుగుదొడ్డి గది లోపల ఉందా లేక పెరట్లో గుంట మరుగుదొడ్డా, మంచానికి దోమతెర కట్టే ఏర్పాటు ఉందా, మందుల దుకాణం ఎంత దూరంలో ఉంది, బట్టలు ఇస్త్రీ చేసుకునే వీలుందా అని అడగాలి. మర్యాదకు వెనుకాడి ఈ ప్రశ్నలు మానేసేవారు ఎక్కువ. ఆహ్వానించినవారికి ఇవి భారం కావు. అవసరం లేని సామానుతో దిగి, అవసరమైనది లేక వారి మీద ఆధారపడడమే వారికి భారమవుతుంది.

వాతావరణం గురించి కూడా అడగాలి. ఆఫ్రికా అంతా మండే ఎండేనన్న ఊహ మన దగ్గర బలంగా ఉంది. ఉగాండా మీదుగా భూమధ్యరేఖ వెళ్తున్న మాట నిజమే గాని, కంపాలా సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంది, నైరుతి కొండల్లోని కబాలే ఇంకా చాలా ఎత్తు. కంపాలాలో తెల్లవారుజామున సుమారు 17 డిగ్రీల చలి ఉంటుంది. మే నెలలో విజయవాడ నుంచి బయలుదేరినవారు ఇది ఊహించరు. దక్షిణ భాగంలో మార్చి నుంచి మే వరకు, మళ్లీ సెప్టెంబరు నుంచి నవంబరు వరకు రెండు వానకాలాలు ఉంటాయి. గులు వంటి ఉత్తర ప్రాంతాల్లో దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఒకటే పొడవైన వానకాలం, ఆ తరువాత ఎండా దుమ్మూ. మీరు వెళ్లేది ఏ ప్రాంతమో దాన్నిబట్టే స్వెటరు, గొడుగు, రెయిన్‌కోటు నిర్ణయించుకోవాలి.

పెట్టె, బరువు

చాలా విమాన సంస్థలు ఒక్కో పెట్టెకు 23 కిలోల హద్దు పెడతాయి. ఎన్ని పెట్టెలకు అనుమతి ఉందో టికెట్టు మీద చూసుకోవాలి. అదనపు బరువుకు డబ్బు కట్టినా ఒకే పెట్టె 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు. కొక్కానికి తగిలించి తూచే చిన్న త్రాసు ఒకటి కొనుక్కుంటే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పనికివస్తుంది.

చక్రాల గట్టి సూట్‌కేసు విమానాశ్రయంలో సుఖంగా ఉంటుంది గాని, ఎంటెబ్బే విమానాశ్రయం దాటాక పద్నాలుగు మంది ఎక్కే మటాటు వ్యానులోను, ఆ తరువాత మట్టి రోడ్డు మీద బోడా బోడా అని పిలిచే అద్దె మోటారు సైకిలు వెనుక కట్టిన సామానుగాను వెళ్లాలంటే అది పెద్ద ఇబ్బంది. దళసరి గుడ్డతో చేసిన డఫెల్ సంచి ఒకటి, భుజానికి తగిలించుకునే సంచి ఒకటి ఉంటే చాలు. సంచి లోపల మందమైన పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి అందులో బట్టలు సర్దితే ఎర్రమట్టి దుమ్ము, వాన రెండూ లోపలికి చేరవు. అయితే దారిలో కెన్యా, టాంజానియా, రువాండాలలోకి అడుగుపెట్టేవారు జాగ్రత్త పడాలి. కెన్యా 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ చేతిసంచులను నిషేధించింది, టాంజానియా 2019 జూన్ 1 నుంచి, రువాండా అంతకన్నా ముందే 2008లో ఈ పని చేశాయి. ప్రయాణికుల దగ్గర ఉన్న సంచులను కూడా విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఈ దేశాలగుండా వెళ్లేవారు ప్లాస్టిక్‌కు బదులు గుడ్డ సంచులు, మూత బిగిసే డబ్బాలు వాడడం మేలు.

కాగితాలు, టీకాలు

ఉగాండాకు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుబాటవుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుందని 2016 జూలై 11 నుంచి అంతర్జాతీయ నిబంధన మారింది. ఈ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేస్తారు; హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రం. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఈ పత్రం అవసరమే. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి పత్రం లేకుండా భారతదేశంలో దిగినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. కనుక ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేయకూడదు.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం, రేబిస్ టీకాల గురించి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. గర్భిణులు, అరవై దాటినవారు, గుడ్డు సరిపడనివారు ఎల్లో ఫీవర్ టీకాకు ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. పిల్లలతో వెళ్లే కుటుంబాలు, కుక్కలు ఎక్కువగా తిరిగే గ్రామాలలో ఉండేవారు రేబిస్ టీకాను తేలికగా తీసుకోవద్దు, ఎందుకంటే కుక్క కరిచాక వేయవలసిన మందులు చిన్న ఆసుపత్రులలో ఎప్పుడూ ఉంటాయన్న భరోసా లేదు.

డాలర్లు తీసుకెళ్లేవారు కొత్త ముద్రణ నోట్లనే, చిరుగులు, రాతలు లేనివి అడిగి తీసుకోవాలి. పాత నోట్లను అక్కడి మారకం దుకాణాలు తిరస్కరించడం గాని తక్కువ ధర కట్టడం గాని జరుగుతుంది.

మందుల సంచి

పెట్టెలో బట్టలు తగ్గించుకోవచ్చు గాని ఈ సంచిలో ఏదీ తగ్గించకూడదు. ఉగాండాలో మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది, అందులోనూ ప్రాణాల మీదికి తెచ్చే ఫాల్సిపారం రకమే ఎక్కువ. మన పెద్దలకు తెలిసిన క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. మలేరియా రాకుండా ముందే వేసుకునే అటోవాక్వోన్ ప్రోగువానిల్, డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ అనే మూడు మందులలో ఏది మీ ఒంటికి సరిపడుతుందో, ఏడాది పాటు ఎలా వాడాలో డాక్టరే నిర్ణయించాలి. డాక్సీసైక్లిన్ చిన్న పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. అది వాడేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది గనుక టోపీ, సన్‌స్క్రీన్ జాబితాలో చేరాలి. మెఫ్లోక్విన్ కొందరిలో నిద్రను, మనసును కలతపెడుతుంది గనుక గతంలో మానసిక సమస్యలు గాని మూర్ఛ గాని ఉన్నవారు ఆ విషయాన్ని దాచకూడదు. పరిచర్యకు వెళ్తున్నామన్న ఉత్సాహంలో ఆరోగ్య చరిత్రను తగ్గించి చెప్పడం విశ్వాసం కాదు, అజాగ్రత్త అని నా అభిప్రాయం.

బీపీ, షుగరు, థైరాయిడ్ మందులు వాడేవారు కనీసం మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లి, మిగతావి కంపాలాలో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. ప్రతి మందూ అసలు ప్యాకింగులోనే ఉండాలి. కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాసిన చీటీ, డాక్టరు సంతకంతో, ఇంగ్లీషులో ఉండాలి, ఎందుకంటే మన దగ్గర అందరికీ తెలిసిన కంపెనీ పేరు అక్కడి మందుల దుకాణదారుకు తెలియకపోవచ్చు. హైదరాబాదు నుంచి వెళ్లేవారు చాలామంది దుబాయి లేదా దోహా మీదుగా ప్రయాణిస్తారు. దుబాయి ఉన్న యుఎఇలో కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కొన్ని నిద్రమాత్రలు అనుమతి లేకుండా దగ్గర ఉంటే నేరం. మన దగ్గర సులువుగా దొరికే మాత్ర అయినా సరే, ముందుగా విచారించుకోకుండా వేసుకోవద్దు.

వీటికి తోడు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, అలర్జీకి సెట్రిజిన్, దెబ్బలకు పోవిడోన్ అయోడిన్, గాజుగుడ్డ, అతుక్కునే పట్టీలు, చిన్న కత్తెర, పట్టకారు, డిజిటల్ థర్మామీటరు ఉంచుకోవాలి. కత్తెర, పట్టకారు పెద్ద పెట్టెలో వేయండి. జ్వరం 38 డిగ్రీలు దాటితే అది ప్రయాణ బడలికో జలుబో అనుకోకుండా అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోవాలి. కళ్లద్దాలు వాడేవారికి రెండో జత కూడా మందుతో సమానమే.

అన్ని మందులూ ఒకే సంచిలో పెట్టకండి. కనీసం రెండు వారాలకు సరిపడా చేతిసంచిలో ఉంచుకుంటే, పెద్ద పెట్టె మరో విమానంలో వచ్చినా ఆందోళన ఉండదు. బృందంగా వెళ్లేవారు అందరికీ చెందిన మందులను ఇద్దరి సంచుల్లో విడదీసి ఉంచాలి.

దోమతెర, దోమల మందు

మందు కలిపి నేసిన దోమతెరలు ఉగాండాలో విరివిగా దొరుకుతాయి. ఇక్కడి నుంచి మోయనక్కరలేదు. కాని వాటిని కట్టడానికి కావలసిన నైలాన్ తాడు, గోడకు కొట్టే కొక్కేలు, చిరుగులు కుట్టుకోవడానికి సూదీ దారం తీసుకెళ్లండి. రాత్రి ప్రయాణంలో ఎక్కడైనా ఆగవలసి రావచ్చు గనుక మడిస్తే చిన్నదయ్యే తెర ఒకటి ఉన్నా మంచిదే. మలేరియా దోమ సాయంకాలం నుంచి తెల్లవారే వరకు కుడుతుంది. సాయంత్రపు కూటములు, ఆరుబయట ప్రార్థనలు సరిగ్గా ఆ వేళలోనే జరుగుతాయి. అందువల్ల ఒంటికి పూసుకునే మందులో దోమలను దూరం పెట్టే డీట్ అనే రసాయనం 20 శాతానికి తగ్గకుండా ఉందో లేదో డబ్బా మీద చదివి కొనండి. శాతం తక్కువైతే తొందర తొందరగా మళ్లీ పూసుకోవలసి వస్తుంది. పగలు సన్‌స్క్రీన్ కూడా వాడేవారు మొదట సన్‌స్క్రీన్ పూసుకుని, అది ఆరాక దోమల మందు పూసుకోవాలి.

సబ్బు, పేస్టు, నూనె, ఇతర స్నాన సామగ్రి

ఎంత కావాలో ఊహతో కాక లెక్కతో తేల్చుకోవాలి. ప్రయాణానికి రెండు నెలల ముందు కొత్త సబ్బు, కొత్త పేస్టు, కొత్త నూనె సీసా తెరిచి, తెరిచిన తేదీని వాటి మీద మార్కరుతో రాయండి. అయిపోయిన తేదీ కూడా నోటు పుస్తకంలో రాసుకోండి. 150 గ్రాముల పేస్టు అయిదు వారాలు వస్తే ఏడాదికి పదకొండు ట్యూబులు కావాలి, 100 గ్రాముల సబ్బు మూడు వారాలు వస్తే పద్దెనిమిది సబ్బులు కావాలి. ఈ రెండింటికే మూడు కిలోల పైచిలుకు బరువు. ఉగాండాలో చిన్న పట్టణాలలో కూడా సబ్బు, పేస్టు, బట్టల పొడి, వాసెలిన్ దొరుకుతాయి కాబట్టి ఆ మూడు కిలోలు మోయడం వృథా. మొదటి నెలకు సరిపడా తీసుకెళ్లి, తరువాత అక్కడి దుకాణంలోనే కొనుక్కోవాలి. రోజూ ఎదురయ్యే దుకాణదారుతో పలకరింపులు అలాగే మొదలవుతాయి, ఆ ఊరి సంతకు మనవల్ల కొంత రాబడీ ఉంటుంది.

అక్కడ దొరకనివి, దొరికినా మనకు సరిపడనివి మాత్రం పూర్తిగా తీసుకెళ్లాలి. నాలుక గీసుకునే బద్ద, పేను దువ్వెన, చర్మానికి డాక్టరు రాసిన ప్రత్యేకమైన సబ్బు లేదా క్రీము, అలవాటైన సన్‌స్క్రీన్, మన జుట్టుకు సరిపడే షాంపూ అలాంటివి. తలస్నానానికి కుంకుడు పొడి, ఒంటికి సున్నిపిండి వాడే అలవాటున్నవారు వాటిని బిగుతైన డబ్బాలో తీసుకెళ్లవచ్చు. సీసాలలాగా కారిపోయే భయం లేదు, చేతిసంచిలో ద్రవాల హద్దు వీటికి వర్తించదు. కొబ్బరినూనె 24 డిగ్రీలకు అటూ ఇటూ గడ్డకడుతుంది గనుక అక్కడి ఉదయాల్లో సన్న మూతి సీసా నుంచి రాదు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకుంటే వేలితో తీసుకోవచ్చు.

చేతిసంచిలో ద్రవాలు, క్రీములు, పేస్టు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లు మించని సీసాలలోనే ఉండాలి, అవన్నీ ఒక లీటరు పట్టే పారదర్శక సంచిలో ఇమడాలి. సగం వాడిన 200 మిల్లీలీటర్ల సీసా కూడా ఒప్పుకోరు. చూసేది సీసా మీద రాసిన పరిమాణమే. పెద్ద పెట్టెలో వేసే నూనె, షాంపూ సీసాల మూత తీసి, మూతి మీద పలచని ప్లాస్టిక్ కాగితం పరిచి, మళ్లీ మూత బిగించి, ఒక్కో సీసాను విడి సంచిలో వేస్తే కారవు.

స్త్రీలు నెలసరి సామగ్రి విషయంలో ముందే నిర్ణయం తీసుకోవాలి. నెలకు పదిహేను ప్యాడ్లు అనుకున్నా ఏడాదికి 180 అవుతాయి. పెట్టెలో వాటికే పెద్ద చోటు పోతుంది. పట్టణాలలో ప్యాడ్లు దొరుకుతాయి గాని, గ్రామంలో వాడినవాటిని ఎక్కడ పారవేయాలన్నదే అసలు సమస్య, ఎందుకంటే చెత్త తీసుకుపోయే బండ్లు ఉండవు, కాల్చడమో పూడ్చడమో చేయాలి. కడిగి మళ్లీ మళ్లీ వాడుకునే మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటు చేసుకోగలిగితే ఈ రెండు చిక్కులూ తీరుతాయి. అయితే దానిని ఇంట్లోనే రెండు మూడు నెలలు వాడి చూసి, మరిగించి శుభ్రం చేసే చిన్న గిన్నెతో సహా తీసుకెళ్లాలి. పరాయి ఊళ్లో మొదటిసారి ప్రయత్నించకండి. గుడ్డ ప్యాడ్లు వాడేవారు వాటిని ఎండలో ఆరబెట్టుకునే చోటు, ఇస్త్రీ సౌకర్యం ఉన్నాయో లేదో చూసుకోవాలి. బృందంలో ఈ విషయాన్ని పెద్ద అక్క ఎవరైనా చిన్నవారితో విడిగా కూర్చుని మాట్లాడాలి. సిగ్గుతో దాటవేస్తే ఆ ఇబ్బంది ఏడాది పొడవునా ఉంటుంది.

బకెట్టు, మగ్గు స్నానం మనకు కొత్త కాదు, అవి అక్కడా దొరుకుతాయి. లావుపాటి టర్కీ టవలు మాత్రం వదిలేయండి. వానకాలంలో అది రోజంతా ఆరదు, ముక్కవాసన వస్తుంది. మన నేత తువ్వాళ్లు రెండు మూడు ఉంటే తేలికగా ఆరతాయి, తల తుడుచుకోవడానికి, ఎండలో నెత్తిన వేసుకోవడానికి, దారిలో పరుచుకోవడానికి కూడా అవే పనికివస్తాయి.

బట్టలు

ఉగాండాతో పాటు ఆఫ్రికాలో చాలా చోట్ల మ్యాంగో ఫ్లై అనే ఈగ ఉంది. అది తడి నేల మీద, ఆరుబయట ఆరేసిన తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ బట్టలు వేసుకున్నప్పుడు పురుగు చర్మంలోకి దూరి సెగగడ్డలా లేస్తుంది. దీనికి విరుగుడు వేడి ఇస్త్రీ. లోపలి బట్టలు, తువ్వాళ్లు, దుప్పట్లు, పసిపిల్లల గుడ్డలు సహా, మడతలు, కుట్లు వదలకుండా ఇస్త్రీ చేయాలి. కరెంటు లేని ఊళ్లలో మన వీధి చివర ఇస్త్రీబండి మీద కనిపించే బొగ్గుల ఇస్త్రీపెట్టె అక్కడా వాడతారు. ఇస్త్రీ కుదరనప్పుడు బట్టలను తలుపులు, కిటికీలు మూసిన గదిలో లేదా దోమతెర లోపల ఆరబెట్టాలి. అందుకని పది మీటర్ల తాడు, డజను క్లిప్పులు తప్పక పెట్టుకోండి.

ఇది తెలిస్తే ఏ గుడ్డ ఎంచుకోవాలో కూడా తేలుతుంది. తొందరగా ఆరుతాయని చాలామంది పూర్తి సింథటిక్ బట్టలు సూచిస్తారు. అవి బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడికి కరిగిపోతాయి. లోపలి బట్టలు అచ్చమైన నూలువి, పై బట్టలు నూలు, పాలిస్టరు కలిసినవి అయితే ఇస్త్రీకి తట్టుకుంటాయి, ఒక మాదిరిగా ఆరతాయి. తెల్ల చొక్కాలు, లేత రంగు చీరలు ఒకటి రెంటికి మించి వద్దు, ఎందుకంటే అక్కడి ఎర్రమట్టి మరక సులభంగా వదలదు.

గ్రామ సంఘాలలో స్త్రీలు మోకాళ్లు దాటిన పొడవాటి దుస్తులే వేసుకుంటారు. మన చీర, పొడవాటి చుడీదారు అక్కడ గౌరవంగానే ఉంటాయి. బోడా బోడా ఎక్కడానికి, బురదలో నడవడానికి చుడీదారే అనువు. పురుషులకు ఆదివారం ఆరాధనకు పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, మామూలు బూట్లు ఉండాలి. బోధించేవారు అక్కడ చాలాచోట్ల కోటు కూడా వేసుకుంటారు. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల రంగు బట్టలు, టోపీలు, సంచులు ఒక్కటి కూడా తీసుకెళ్లవద్దు. ఉగాండాలో మామూలు పౌరులు అవి ధరించడం చట్టరీత్యా నేరం.

వారానికి సరిపడా బట్టలు చాలు. తరువాత కావలసినవి అక్కడి కిటెంగె అనే రంగురంగుల అచ్చు గుడ్డ కొని దర్జీ చేత కుట్టించుకోవచ్చు. చలికి స్వెటరు కావాలంటే కంపాలాలోని ఓవినో మార్కెట్టులో విదేశాల నుంచి వచ్చిన వాడిన బట్టలు కుప్పలు తెప్పలుగా ఉంటాయి. పంచిపెట్టడానికని ఇక్కడి నుంచి పాత బట్టల మూటలు మోయడం ఎందుకు అనవసరమో ఆ మార్కెట్టు చూస్తే అర్థమవుతుంది.

చెప్పుల కన్నా మూసిన బూట్లే ముఖ్యం. ఇసుక, దుమ్ము నేలల్లో జిగ్గర్ అనే చిన్న పురుగు వట్టి కాళ్లలోకి, ముఖ్యంగా గోళ్ల కింద దూరుతుంది. ఇంటి ముందు చెప్పులు విడిచే అలవాటు మనకున్నా, మట్టి నేల మీద వట్టి కాళ్లతో నడవకండి. స్నానాల గదికి రబ్బరు చెప్పులు వేరుగా ఉంచుకోండి. విక్టోరియా, ఆల్బర్ట్ సరస్సులలో బిల్హార్జియా అనే పురుగుల వ్యాధి ఉంది. చర్మం గుండానే ఒంట్లోకి వెళ్లే ఆ వ్యాధిని బీచి చెప్పులు ఆపలేవు గనుక ఆ నీళ్లలో దిగకపోవడమే మార్గం, ఈత దుస్తులకు పెట్టెలో చోటు ఇవ్వనక్కరలేదు.

కరెంటు, వెలుతురు, నీళ్లు

ఉగాండాలో కరెంటు 240 వోల్టులు, మనది 230. కాబట్టి మన చార్జర్లు మామూలుగానే పనిచేస్తాయి. ప్లగ్గు మాత్రం బ్రిటన్‌లో లాగా మూడు చదునైన కాళ్లది. ప్రతి పరికరానికీ ఒక అడాప్టర్ కొనడం కన్నా, మన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తీసుకెళ్లి దానికి ఒకటే అడాప్టర్ తగిలిస్తే అన్నీ దానికే గుచ్చుకోవచ్చు. కరెంటు పోవడం మామూలే గనుక సోలార్ లాంతరు, తలకు కట్టుకునే టార్చి ఉండాలి. రాత్రివేళ పెరటి మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండడం ఎంత అవసరమో మొదటి రాత్రే తెలుస్తుంది. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే పెట్టాలి, పెద్ద పెట్టెలో పెడితే తీసేస్తారు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్ అవర్ల వరకు ఉంటే ప్రత్యేక అనుమతి అక్కరలేదు. మామూలు 20,000 ఎంఏహెచ్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లే.

తాగే నీరు తెర్లేలా ఒక నిమిషం మరిగిస్తే చాలు, రెండు వేల మీటర్లు దాటిన కొండ ఊళ్లలో మూడు నిమిషాలు. ప్రయాణంలో మరిగించే వీలుండదు గనుక క్లోరిన్ బిళ్లలు, చిన్న ఫిల్టరు, స్టీలు సీసా ఉంచుకోండి. చిన్న ఫిల్టర్లలో చాలావరకు బాక్టీరియాను ఆపినా వైరస్‌లను ఆపలేవు. బురద నీటిని ముందు వడగట్టి, తరువాత బిళ్ల వేయడం మేలు.

తిండి పదార్థాలు

బియ్యం, పప్పులు, కారం, పసుపు కంపాలాలో దొరుకుతాయి. 1972లో అప్పటి ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ వెళ్లగొట్టిన భారతీయ కుటుంబాలలో కొన్ని తరువాత తిరిగివచ్చి మళ్లీ వ్యాపారాలు పెట్టుకున్నాయి. వారి దుకాణాలు నేటికీ మనకు ఆధారం. ఆవకాయ ఒక చిన్న డబ్బా, కందిపొడి, చింతపండు తీసుకెళ్తే ఒంట్లో బాగాలేని రోజున అన్నం లోపలికి దిగుతుంది. పచ్చడి పెద్ద పెట్టెలోనే పెట్టాలి. ఎండుకొబ్బరి చిప్పలలో నూనె ఎక్కువ గనుక మంటల ప్రమాదం ఉందని విమానంలోకి ఒప్పుకోరు. దుబాయి మీదుగా వెళ్లేవారు గసగసాలను, గసగసాలు కలిపిన మసాలా పొడిని కూడా ఇంట్లోనే వదిలేయాలి. యుఎఇలో గసగసాలు నిషిద్ధం, అవి దగ్గర ఉన్నందుకు కేసుల్లో చిక్కుకున్నవారు ఉన్నారు. ఇంటి పెద్దవారు ప్రేమతో కట్టిచ్చే పొడులలో ఏమేం కలిపారో అడిగి తెలుసుకున్నాకే పెట్టెలో పెట్టండి.

చివరి వారం

బయలుదేరే వారం రోజుల ముందు సామానంతా నేల మీద పరిచి, మందులు, కాగితాలు, దొరకని వస్తువులు ఒక వైపు, అక్కడ కొనుక్కోగలిగినవి మరో వైపు వేరుచేయండి. మొదటి కుప్పను పూర్తిగా సర్ది తూచాక మిగిలిన బరువులోనే రెండోది పట్టాలి. ఆసుపత్రికో బడికో కావలసిన సామాను ఏదైనా తెమ్మని ఆహ్వానించినవారు అడిగి ఉంటే, రెండో కుప్పను తీసేసి దానికే చోటివ్వండి. రెండు రోజుల బట్టలు, రెండు వారాల మందులు, కాగితాలు, పవర్ బ్యాంకు, కళ్లద్దాలు, తెలుగు బైబిలు చేతిసంచిలోకి వెళ్తాయి. ప్రతి పెట్టెలో ఏముందో రాసిన కాగితం ఒకటి పెట్టెలోపల ఉంచి, దాని ఫోటో ఫోనులో పెట్టుకోండి.

అక్కడి నుంచి తిరిగి బయలుదేరేటప్పుడు చాలావరకు సామాను వదిలి రావచ్చు. దోమతెర, లాంతరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు తరువాత వచ్చేవారికి పనికివస్తాయి. మలేరియా మాత్రలు మాత్రం మిగిల్చుకుని వెంట తెచ్చుకోవాలి. ఉగాండా విడిచాక అటోవాక్వోన్ ప్రోగువానిల్ ఏడు రోజులు, మిగతా రెండు మందులు నాలుగు వారాలు వేసుకుంటూనే ఉండాలి. ఇల్లు చేరిన తరువాత కొన్ని నెలల లోపల ఎప్పుడు జ్వరం వచ్చినా, డాక్టరుకు మొదట చెప్పవలసింది ఉగాండాలో ఉండి వచ్చామని.